కాలువగట్టుమీద సైకిలు

మట్టిబాటలలో సైకిలు త్రొక్కగోరు మన బిడ్డలకు సాగరు కుడికాలువ గట్టు మంచి బడి. 1967 ఆగస్టు 4న నీరు వదలిన ఆ కాలువను, నీరు తనంతట పారునట్లు స్వల్పమైన వాలుతో త్రవ్విరి; కావున గట్టుమీద ఎగుడుదిగుడులు తక్కువ. గులకరాళ్లమీద వెడల్పు టైరులో గాలి కొంచెము తగ్గించినచో పట్టు హెచ్చును. దిగునప్పుడు ముందుబ్రేకు ఒక్కటే గట్టిగా నొక్కక, రెండును మెల్లగా పట్టవలెను. కాలువలో జారినవానికి పైకి వచ్చుట కష్టము, పొలమువైపే నడుపుదము. నల్లమల పులుల అడవిలోనికి అటవీశాఖవారి సెలవు లేనిదే పోరాదు. రెంటచింతల ఎండను ఎరిగినవారము గనుక వేకువనే బయలుదేరుదము. ప్రసంగి నాలుగవ అధ్యాయము జ్ఞాపకముంచుకొని, ఎవరిని ఒంటరిగా పంపక, ఇద్దరిద్దరముగా పోవుదము.