జ్వరం తగ్గింది, ఇన్ఫెక్షన్ తగ్గిందా?

ప్రశ్న: నా వయసు 27. మూడేళ్ల కిందట మూడో నెలలో గర్భం పోతే డీ అండ్ సీ చేశారు. వారం తిరక్కుండానే చలిజ్వరం, పొత్తికడుపులో నొప్పి, వాసనతో తెల్లబట్ట. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లు వేసి మాత్రలిచ్చారు. రెండు రోజులకు జ్వరం తగ్గేసరికి మానేశాను. నెలసరి సరిగ్గానే వస్తోంది, గర్భం మాత్రం రావడం లేదు. ఈమధ్య ట్యూబుల ఎక్స్‌రే తీసి కుడిది మూసుకుపోయింది, ఎడమది నీరు పట్టి ఉబ్బింది అన్నారు. ఇక పిల్లలు పుట్టరా? లోపమంతా నాదేనంటున్నారు మా అత్తగారు.
- ఒక సోదరి, ఖమ్మం జిల్లా

జవాబు: ఆశ వదులుకోవాల్సిన పరిస్థితి కాదమ్మా. మీకు సోకింది ఇన్ఫెక్షన్. అందులో మీ తప్పేమీ లేదు.

గర్భసంచిలోని ఇన్ఫెక్షన్ పైకి పాకి ట్యూబుల్లో చేరుతుంది. అండాన్ని గర్భసంచి వైపు నెట్టే సన్నటి నూగు ట్యూబు లోపలి పొర మీద ఉంటుంది. అది దెబ్బతిని, గోడలు అతుక్కుపోతే జ్వరం పోయినా ఆ నష్టం ఉండిపోతుంది. అండాశయాలు పనిచేస్తూనే ఉంటాయి కాబట్టి నెలసరి తప్పదు, అనుమానమూ రాదు. రెండు వారాల మందుల కోర్సు పూర్తిగా వాడాలని పట్టుబట్టేది ఇందుకే. స్వీడన్‌లో ఏళ్ల తరబడి గమనిస్తే, ఈ ఇన్ఫెక్షన్ ఒకసారి వచ్చినవారిలో నూటికి 8 మందికి, మూడుసార్లు, అంతకు మించి వచ్చినవారిలో 40 మందికి ట్యూబులు పాడై గర్భం రాలేదు.

ఎక్స్‌రే సమయంలో కండరం బిగుసుకున్నా ట్యూబు మూసుకున్నట్టే కనిపిస్తుంది. కాబట్టి కుడిదాన్ని లాపరోస్కోపీలో రంగుమందు పంపి చూస్తేనే తేలుతుంది. నాకు ఎక్కువ దిగులు ఎడమదాని గురించే. ఆ నీరు గర్భసంచిలోకి జారి పిండాన్ని నిలవనివ్వదు. ఐవీఎఫ్‌కు వెళ్లే పక్షంలో ముందే ఆ ట్యూబు తీసేయడమో, క్లిప్ వేయడమో చేయించుకోవాలి. అలాగే వదిలేస్తే ఐవీఎఫ్ ఫలించే అవకాశం దాదాపు సగానికి పడిపోతుంది.

మన దేశంలో ట్యూబులను పాడుచేసే మరో జబ్బు క్షయ. దగ్గు లేకపోయినా రావచ్చు. గర్భసంచి లోపొర ముక్క తీసి పరీక్షించమని అడగండి. తేలితే ఆరు నెలల మందులు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం.

మీవారి వీర్యపరీక్ష సంగతి రాయలేదు. అది మీ ఎక్స్‌రే కంటే ముందే జరగాల్సింది. ఆ రిపోర్టు రాకుండా లోపం ఫలానావారిదని ఎవరూ అనకూడదు. మీకు మళ్లీ నొప్పి, తెల్లబట్ట కనిపిస్తే ఆయనకూ మందులు కావాలేమో డాక్టర్‌ను అడగండి.

నెల తప్పితే మాత్రం వెంటనే స్కానింగ్‌కు వెళ్లండి. దెబ్బతిన్న ట్యూబులోనే గర్భం నిలిచే ప్రమాదముంది. కడుపులో ఒకపక్క నొప్పి, కళ్లు తిరగడం ఉంటే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.