రీలింగ్ కేంద్రానికి వెళ్లి రండి

ప్రశ్న: మాది బాగేపల్లి. సైకాలజీతో బీఏ చివరి ఏడాది చదువుతున్నాను. ఇండస్ట్రియల్ ఆర్గనైజేషనల్ సైకాలజీలో పీజీ చేయాలని ఉంది. ఎలా దరఖాస్తు చేయాలి?

జవాబు: మన దేశంలో ఈ పేరుతో విడిగా నడిచే పీజీలు తక్కువమ్మా. చాలాచోట్ల సైకాలజీ ఎమ్మేలోనో ఎమ్మెస్సీలోనో ఇదొక స్పెషలైజేషన్. అందుకే కోర్సు పేరు కాదు, రెండో ఏడాది సిలబస్ చూడండి. ఢిల్లీ యూనివర్సిటీలో అప్లైడ్ సైకాలజీ ఎమ్మేకి సీయూఈటీ పీజీ రాయాలి. విదేశాల్లో చదవాలనుకుంటే, అమెరికాలో పీహెచ్‌డీ దరఖాస్తుల గడువు ఎక్కువగా డిసెంబరు ప్రాంతంలోనే ముగుస్తుంది. అక్కడ పీహెచ్‌డీకి సాధారణంగా ఫీజు మాఫీ, స్టైపెండ్ ఉంటాయి. మాస్టర్స్‌కి చాలావరకు సొంత డబ్బే. అప్పు చేసే ముందు ఈ తేడా ఇంట్లో చెప్పండి.

దరఖాస్తుతో పంపే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో 'చిన్నప్పటి నుంచి మనుషులంటే ఆసక్తి' అని రాయకండి, అందరూ రాసేది అదే. దానికి బదులు రాయడానికి సొంత అనుభవం కావాలంటే, మీ జిల్లాలోనే ఉన్న శిడ్లఘట్టలో పట్టు రీలింగ్ కేంద్రాలకు వెళ్లండి. వేడినీళ్లలో ఉడికిన పట్టుగూళ్ల నుంచి పోగు అందుకునేవాళ్లు ఒక యజమాని దగ్గర ఏళ్లతరబడి ఎందుకు నిలుస్తారు, మరొకరి దగ్గర ఎందుకు మానేస్తారు? వాళ్ల అనుమతితో, పేర్లు రాసుకోకుండా అడగండి. తెలుగూ కన్నడమూ రావడం ఇక్కడ మీకు పెద్ద బలం. ఆ వివరాలతో చిన్న ప్రాజెక్టు చేసి, స్టాటిస్టిక్స్ చెప్పే మాస్టారికి చూపించండి. సిఫారసు లేఖ ఆయన్నే అడగండి.