కణపొరలో కొవ్వు అణువుల నడక

మన శరీరంలోని ప్రతి కణాన్నీ ఒక పలుచని పొర చుట్టి ఉంటుంది. దాని మందం సుమారు 5 నానోమీటర్లు. అలాంటి పొరలను 2 లక్షలు పేర్చితే గాని ఒక మిల్లీమీటరు కాదు. స్కూలు పుస్తకాల్లో దీన్ని ఇటుకల గోడలా గీస్తారు. ఆ బొమ్మ చూసి పొర కదలనిదనుకుంటాం. నిజానికి అందులోని లిపిడ్లు, అంటే కొవ్వు జాతి అణువులు, రంజాన్ చివరి రాత్రుల్లో పత్తర్‌గట్టీలో జనంలాగా, భుజాలు రాసుకుంటూనే నిరంతరం చోటు మారుతుంటాయి.

ఇంత చిన్నవాటి నడకను కొలవడానికి 1970లలో ఒక చక్కని ఉపాయం దొరికింది. ముందుగా కొన్ని లిపిడ్లకు మెరిసే రంగు అణువును తగిలిస్తారు. నీలి కాంతి పడితే అది ఆకుపచ్చగా వెలుగుతుంది. ఈ గుణమే ఫ్లోరసెన్స్. తర్వాత పొరలో ఒక చుక్కంత చోట తీవ్రమైన లేజర్ కాంతిని క్షణకాలం వేస్తారు. అక్కడి రంగు మాడిపోయి నల్లమచ్చ పడుతుంది. ఇక చూస్తూ ఉండటమే పని. చుట్టూ ఉన్న మెరిసే అణువులు మచ్చలోకి వస్తాయి, మాడినవి బయటికి పోతాయి, మచ్చ చెరిగిపోతుంది. ఎంతసేపట్లో చెరిగిందో దాన్నిబట్టి వేగం లెక్కకడతారు. ఈ పద్ధతిని ఫ్రాప్ అంటారు.

2 మైక్రాన్ల బ్యాక్టీరియాను ఒక లిపిడ్ ఈ చివరి నుంచి ఆ చివరికి దాదాపు ఒక సెకనులో దాటగలదు. మచ్చ పూర్తిగా చెరగకపోతే మాకు మరింత ఆసక్తి: కొన్ని అణువులు దేనికో కట్టుబడి ఉన్నాయన్నమాట. అయితే ఫ్రాప్ చెప్పేది గుంపు సగటు మాత్రమే. 2002లో జపాన్‌లో అకిహిరో కుసుమి బృందం లిపిడ్లను ఒక్కొక్కటిగా వెంబడించి చూసింది. అవి ఒక చిన్న గడిలో తిరిగి, ఉన్నట్టుండి పక్క గడిలోకి దూకుతున్నాయి. పొర కింద అల్లుకున్న ప్రోటీన్ల దడే అందుకు కారణమని ఆ బృందం వివరించింది.

మనం మింగే మందుల్లో చాలావాటికి గురి ఈ పొరలోని ప్రోటీన్లే. అందుకే చుట్టూ ఉన్న కొవ్వు గురించి ఇంత ఆరా. హైదరాబాదు సీసీఎంబీలో అమితాభ ఛటోపాధ్యాయ బృందం పశువు మెదడు పొరల నుంచి కొలెస్ట్రాల్ తీసివేసి చూసింది (రక్తపరీక్ష రిపోర్టులో మనం భయపడే ఆ కొలెస్ట్రాలే). మానసిక ఆందోళనతో సంబంధమున్న ఒక సెరొటోనిన్ గ్రాహకం తన అణువును పట్టుకునే శక్తి తగ్గిపోయింది. కొలెస్ట్రాల్ తిరిగి చేర్చితే చాలావరకు మళ్లీ వచ్చింది.