బొమ్మరిల్లు కడదాం, పూర్తిచేద్దాం

పిల్లలూ, బొమ్మరిల్లు మనకు కొత్త కాదు. పాదం మీద తడి ఇసుక కప్పి, మెల్లగా కాలు వెనక్కి లాగి గూడు కట్టడం చిన్నప్పుడు మీరంతా ఆడిన ఆటే. ఇప్పుడు బొమ్మరిల్లు పెట్టెలో ముక్కలుగా కూడా దొరుకుతోంది. దాన్ని కిట్ అంటారు. పలకలు ముందే కోసి ఉంటాయి. అతికించడం, రంగు వేయడం, లోపల సామాను అమర్చడం మన పని.

మొదలుపెట్టినవాళ్లందరూ దాన్ని పూర్తిచేయరు. మన బిలాస్‌పూర్‌లో అందుకు ఒక కారణం ఎక్కువ. 2003 నుంచి ఈ ఊరు సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకు ప్రధాన కేంద్రం. ఉద్యోగులకు బదిలీలు తప్పవు. సామాన్లు కట్టే రోజున కప్పు లేని, రంగు లేని ఇల్లు పెద్దవాళ్ల కంటికి పాత అట్టముక్కల్లాగే కనబడుతుంది. అది పాత పేపర్లతో పాటే వెళ్లిపోతుంది. కాబట్టి ఏ పని తర్వాత ఏ పని చేయాలో, ఎక్కడ ఆగినా ఒక గదైనా పూర్తయి ఉండాలంటే ఏం చేయాలో నేర్చుకుందాం.

కొలత

కిట్ పెట్టె మీద 1:12 అనో, 1:24 అనో ఉంటుంది. 1:12 అంటే నిజం ఇంట్లో ఒక అడుగు బొమ్మరింట్లో ఒక అంగుళం. 1:24 అంటే అడుగుకు అర అంగుళం. మీ క్వార్టర్‌లో గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉందనుకోండి. 1:24లో అది 6 అంగుళాలు, 5 అంగుళాలు. ఏడడుగుల తలుపు మూడున్నర అంగుళాలు.

ఈ లెక్క చాలా పేరున్న ఇంటికీ వర్తించింది. ఢిల్లీలో ఇప్పటి రాష్ట్రపతి భవన్‌కు రూపకల్పన చేసిన ఎడ్విన్ లుటియెన్స్, ఇంగ్లండ్ రాణి మేరీ కోసం ఒక బొమ్మరింటికి కూడా ప్లాను గీశాడు. 1921 నుంచి 1924 వరకు దాన్ని కట్టారు. కొలత 1:12. అందులో విద్యుద్దీపాలు వెలుగుతాయి, కుళాయిల్లో నీళ్లు వస్తాయి. ఇప్పుడది విండ్సర్ కోటలో ఉంది. వస్తువు ఎంత చిన్నదైనా ఇంట్లో అన్నిటికీ కొలత ఒక్కటే కావడం వల్ల అది నిజం ఇల్లులా అనిపిస్తుంది.

అతికించే ముందు

పెట్టె విప్పగానే జిగురు తీయకండి. ముందు ముక్కలు లెక్కపెట్టి, కాగితంలోని అంకెలతో సరిచూసుకోండి. గోడలు ఒకచోట, కిటికీలు ఒకచోట, మెట్లు ఒకచోట పెట్టుకోండి. తర్వాత జిగురు లేకుండా ఇల్లంతా ఒకసారి నిలబెట్టి చూడండి. ఏ గోడ ఏ గాడిలో దిగుతుందో, ఏది తలకిందులైందో అప్పుడే తెలుస్తుంది. జిగురు ఆరాక తెలిస్తే గోడ విరగ్గొట్టాలి.

గాడి బిగుతుగా ఉంటే బలం పెట్టవద్దు. ఉప్పుకాగితంతో రెండు మూడుసార్లు రుద్దితే చాలు. కత్తి వాడాల్సి వస్తే పెద్దవాళ్లు పక్కన ఉండాలి.

కొండపల్లి వరస

ఆ తర్వాతి వరస మనకు కొండపల్లి నేర్పుతుంది. విజయవాడ దగ్గరి ఈ ఊళ్లో తేలికైన తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చేస్తారు. ముందు కర్రలో తడి పోయేలా ఆరబెడతారు. తల, చేతులు, ఒళ్లు విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతికిస్తారు. ఆ తర్వాత సున్నం పూత, చివర రంగులు.

మన కిట్‌కూ ఇదే వరస. చాలా కిట్లలో పలకలు ఎండీఎఫ్‌వి, అంటే కర్ర నారను జిగురుతో కలిపి వేడి మీద నొక్కిన పలకలు. వాటి అంచులు తడిని పీల్చి ఉబ్బుతాయి. కాబట్టి వర్షాకాలంలో ముక్కల్ని నేల మీద ఉంచవద్దు. పలచని పలకల్ని మే నెల ఎండలో కూడా పెట్టవద్దు, వంకర తిరుగుతాయి. నీడలో, గాలి తగిలేచోట ఆరనివ్వాలి.

తెల్ల జిగురు పలచగా రాయండి. ముక్కల్ని కలిపి మాస్కింగ్ టేపు చుట్టండి. బయటికి వచ్చిన జిగురును తడిగుడ్డతో వెంటనే తుడవండి, లేకపోతే అక్కడ రంగు పట్టదు. ఒక రోజు కదపకుండా వదిలేయండి. తర్వాత సందులు పూడ్చి, రుద్ది, ముందు తెల్ల పూత వేయండి. అది ఆరాకే రంగు. ఒక్క మందమైన పూత కన్నా రెండు పలచని పూతలు మేలు. చేతికి అందని మూలలు, మెట్ల కింది భాగాలు ఉంటే వాటికి మాత్రం అతికించక ముందే రంగు వేసుకోవాలి. కప్పును అతికించకండి. తీసి పెట్టేలా ఉంటే లోపల పని సులువు.

సామాను

బొమ్మరింటి వంటగది అంటే లక్కపిడతలే గుర్తొస్తాయి. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ, లక్కతో రంగులద్ది వీటిని చేస్తారు. ఇక్కడ ఛత్తీస్‌గఢ్‌లోనూ అలాంటి ఆట ఉంది. మనవాళ్లు పోలాల అమావాస్య చేసుకునే రోజే ఇక్కడ పోరా పండుగ. ఆ రోజుల్లో బజారులో మట్టి ఎద్దులు, మట్టి పొయ్యి, జాతా అనే చిన్న తిరగలి అమ్ముతారు.

అయితే కొనేముందు కొలత గుర్తుంచుకోండి. మూడు అంగుళాల మట్టి పొయ్యిని 1:24 ఇంట్లో పెడితే అది ఆరడుగుల పొయ్యి అవుతుంది, పెళ్లివారి గాడిపొయ్యి! ఒకటిన్నర అడుగుల పొయ్యి కావాలంటే ముప్పావు అంగుళం చాలు. ఆ కాస్త మట్టితో మీరే చేసుకోవచ్చు.

ఒక్కో గదీ పూర్తిగా

గోడలు నిలిచాక అన్ని గదుల్లో కొంచెం కొంచెం పని చేయాలనిపిస్తుంది. అలా చేస్తే ఏ గదీ పూర్తికాదు. ఒక గది ఎంచుకుని నేల, గోడలు, కిటికీ, సామాను అన్నీ ముగించాకే రెండోది మొదలుపెట్టండి. మొదటి కిట్‌గా ఒకటి రెండు గదులున్నది తీసుకోవడం ఇంకా మంచిది. పూర్తయిన ఒక్క గదిని చూస్తే ఇంట్లోవాళ్లకు అది అట్టముక్క కాదు, మీ చేతిపని.

ప్రయాణానికి సామాను తీసి టిఫిన్ డబ్బాలో పెట్టండి. గదుల్లో పాత బట్టలు మెత్తగా కుక్కండి. ఇంటి కన్నా అన్ని వైపులా రెండు అంగుళాలు పెద్దదైన అట్టపెట్టె వాడి, ఆ సందుల్లో నలిపిన కాగితం నింపండి. దాని మీద బరువు పెట్టనివ్వకండి. అంకెలున్న కాగితం పారేయకండి, కొత్త ఊళ్లో మరమ్మతుకు పనికొస్తుంది.

చేసి చూడండి

1. మీ గదిని టేపుతో కొలిచి, 1:24 ప్రకారం నోటుపుస్తకంలో ప్లాను గీయండి. తలుపు, కిటికీ మరచిపోవద్దు.

2. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ 1:24లో సుమారు ఎన్ని మిల్లీమీటర్లు? కిట్ పలక మందం 3 మిల్లీమీటర్లయితే, ఆ గోడకు ఎన్ని పలకలు కలపాలి?

3. ఇంటి అడుగు పలక కింద ఊరి పేరు, పూర్తిచేసిన తేదీ రాయండి. ఇల్లు మారిన ప్రతిసారీ కొత్త ఊరి పేరు ఆ కింద చేర్చండి.