ఎముకల వార్డులో నేర్చుకున్నవి

మాది చిప్పగిరి. నర్సుగా నా ఉద్యోగమంతా ఎముకల వార్డుల్లోనే నడిచింది. కొత్తగా డ్యూటీలో చేరిన పిల్లలు అడుగుతుంటారు కాబట్టి నాకు తెలిసినవి కొన్ని రాస్తున్నాను.

1. మన వైపు మనుషులు నొప్పి అని వాళ్లంతట వాళ్లు చెప్పరు. పత్తి తీసి, మిరప కోతలకు గుంటూరు దాకా వలస పోయి ఒళ్లు కాయలు కాచినవాళ్లు. "ఎట్లుందవ్వా?" అంటే "బాగుండాదిలేమ్మా, నువ్వు పో" అంటారు. ఆ మాట రాసుకుని ముందుకు పోకండి. "దగ్గితే నొస్తాందా? పక్కకు ఒత్తిగిల్లగలవా? రాత్రి కన్ను మూతపడిందా?" అని అడగండి. ఊరికే పడుకున్నప్పటి నొప్పి వేరు, కదిలితే వచ్చేది వేరు, రెండూ రాయాలి. సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పమంటే తెల్లమొహం వేసే పెద్దవాళ్లు, "రూపాయికి ఎన్ని అణాలుంది?" అంటే ఠక్కున "పన్నెండణాలు" అంటారు. మందు ఇచ్చిన గంటకు మళ్లీ అడిగితే "ఆరణాలకు దిగింది" అని వాళ్లే చెప్తారు. ఆదోని చుట్టుపక్కల కన్నడం, ఉర్దూ మాట్లాడే ఇళ్లెన్నో. నొప్పి సంగతి అడగడానికి సరిపడా ఆ రెండూ నేర్చుకోండి.

2. పక్కన కూర్చున్న కొడుకో మొగుడో జవాబు చెప్తే విని, మళ్లీ రోగినే అడగండి. నొప్పి ఎంతో చెప్పాల్సింది దాన్ని పడే మనిషేనని అమెరికా నర్సు మార్గో మెకాఫరీ 1968లోనే తేల్చి చెప్పింది.

3. నొప్పి ముదిరాక మాత్ర వెతుక్కోవద్దు. ఆపరేషన్ అయిన మొదటి రెండు మూడు రోజులు, రాసిన వేళకు తప్పకుండా ఇవ్వాలి. డ్రెస్సింగ్‌కూ, ఫిజియోథెరపీకీ ముందే మందు పని మొదలై ఉండాలి. పారాసిటమాల్ పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. బక్కచిక్కిన ముసలివాళ్లకు అంతకంటే తక్కువే. డైక్లోఫెనాక్ సూది వేసేముందు, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఎన్ని వేయించుకున్నారో, కడుపులో పుండు, కిడ్నీ జబ్బు ఉన్నాయేమో కనుక్కుని డాక్టరుకు చెప్పండి. ట్రమడాల్, మార్ఫిన్ రాస్తే భయపడి ఆపేయకండి. మగతనూ ఊపిరినీ కనిపెట్టుకుని ఉండండి. మలబద్ధకానికి మందు మొదటిరోజే అడగండి.

4. కట్టు వేశాక నొప్పి తగ్గాలి. పెరుగుతోందంటే పరుగెత్తాల్సిన వేళ.

హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి కర్రలతో కొట్టుకునే బన్నీ ఉత్సవం. కర్రల దెబ్బలకు పసుపు అద్దుకుని నిలబడే కుర్రాళ్లు ఆ తర్వాత ఆలూరుకో, ఆదోనికో వస్తారు. అలాంటి కుర్రాడికి మోకాలి కింద ఎముక విరిగి పిండికట్టు వేశారనుకోండి. నడిరాత్రి, సూది వేసినా మూలుగు ఆగడం లేదు. కాలి బొటనవేలిని మెల్లగా పైకి వంచి చూడండి. పిక్కలో ప్రాణం పోయినట్టు అరిచినా, పిక్క బిర్రుగా బిగిసినా, వేళ్లు తిమ్మిరెక్కినా కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అని అనుమానించాల్సిందే. లోపల ఒత్తిడి పెరిగి కండకు రక్తం అందడం లేదు. నాడి తగులుతోంది కదా అని ధీమా పడొద్దు, చివరిదాకా తగులుతూనే ఉండొచ్చు. ఇంకో సూది వేసి నిద్రపుచ్చడం కాదు, డాక్టరును లేపాలి. కట్టును లోపలి దూదితో సహా, చర్మం కనబడేదాకా నిలువునా చీల్పించాలి. కాలు గుండె ఎత్తులోనే ఉండాలి. దిండ్ల మీద ఎత్తితే అందే రక్తం ఇంకా తగ్గుతుంది. చేతిలో ఉండేవి కొద్ది గంటలే. విసుక్కున్నా సరే, లేపండి.

వెదురు బద్దల నాటుకట్టుతో వచ్చినవాళ్లను గదమాయించకండి. ముందు వేళ్లు చూడండి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. ఈరోజు తిట్టి పంపితే రేపు చెయ్యి నల్లబడినా మన గడప తొక్కరు.

5. ఆదోని నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. తొడ ఎముక విరిగినవాళ్లను కదలకుండా కట్టకుండా బండి ఎక్కించొద్దు. మొదటి ప్రపంచ యుద్ధంలో థామస్ స్ప్లింట్ వాడకం పెరిగాకే తొడ విరిగిన సైనికుల చావులు బాగా తగ్గాయి. విరిగిన చోట కదలిక ఆగితే నొప్పీ తగ్గుతుంది, రక్తం పోవడమూ తగ్గుతుంది.

6. తుంటి విరిగిన అవ్వ నీళ్లు తాగడం మానేస్తుంది. బెడ్‌పాన్ కోసం నడుము ఎత్తాలంటే నొప్పి, మగపిల్లల ముందు అడగాలంటే సిగ్గు. రెండు రోజులకు మూత్రంలో మంట, జ్వరం, రాత్రి పలవరింతలు. "ముసలితనం, మతి పోయింది" అంటారు ఇంట్లోవాళ్లు. మతి ఎక్కడికీ పోలేదు, నొప్పి తగ్గించి నీళ్లు పట్టిస్తే చాలామంది తేరుకుంటారు. గజ్జల దగ్గర నరానికి మత్తు సూది వేసే వీలుంటే డాక్టరును అడగండి. ఆపరేషన్ ఒకటి రెండు రోజుల్లో అయిపోతే మేలు. మరునాడే కూర్చోబెట్టాలి. అంతదాకా రెండు గంటలకోసారి ఒత్తిగిలించండి, మడమలు పరుపుకు ఆనకుండా పిక్కల కింద దిండు పెట్టండి. తెర లాగి, ఆడవాళ్లే పాన్ పెట్టండి.

7. ఇంటికి పంపేటప్పుడు చీటీ మీద పొద్దుటి మాత్రకు సూర్యుణ్ణి, రాత్రి మాత్రకు చంద్రుణ్ణి గీసివ్వండి. పిక్క వాచినా, ఆయాసమొచ్చినా, కుట్ల దగ్గర చీము కనబడినా ఆ రోజే రమ్మనండి. వార్డు ఫోను నంబరు పెద్ద అక్షరాలతో రాసి, ఇంట్లో చదవగలిగే పిల్లల చేతికే ఇవ్వండి.