గీతల లెక్క టాలీ కావాలి: ఎన్‌.ఎం.ఆర్‌. స్పెక్ట్రమ్‌ను చదవడం ఎలా?

మన ట్రస్టు ఉపకార వేతనంతో బి.ఎస్సీ., ఎం.ఎస్సీ. రసాయన శాస్త్రం చదువుతున్న పిల్లలు తరచుగా అనే మాట ఒకటుంది. "సార్, మిగతా పేపర్లు ఎలాగో గట్టెక్కుతాం, స్పెక్ట్రోస్కోపీ అంటేనే భయం." అందులోనూ ఎన్‌.ఎం.ఆర్‌. అంటే మరీ భయం. ఆ భయం పరీక్షతో పోయేది కాదు. నెట్, గేట్ పరీక్షల్లో ఈ ప్రశ్నలు తప్పకుండా ఉంటాయి. మందుల కంపెనీలో ఉద్యోగానికి వెళితే ఒక స్పెక్ట్రమ్ కాగితం ముందు పెట్టి "ఇదేమిటో చెప్పమ్మా" అంటారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటిన పిల్లకు అక్కడ నోరు పెగలకపోతే, ఇన్నేళ్ళు ఫీజులు కట్టిన తల్లిదండ్రుల కష్టం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయినట్టే.

నేను కామర్సు చదివి, బ్యాంకులో లెడ్జర్ల మధ్య ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. రాయపురంలో మన పఠన మందిరంలో ఆదివారాలు పిల్లల పక్కన కూర్చొని వాళ్ళ పుస్తకాలు వాళ్ళతోపాటే చదవడం వల్ల ఈ విషయం అలవాటైంది. కెమిస్ట్రీ లెక్చరర్లు ఇంతకంటే లోతుగా చెబుతారు. నేను చెప్పేది లెక్క చూసే పద్ధతి. చాలామంది పిల్లలు కాగితం చూడగానే పదార్థం పేరు ఊహించేసి, తరువాత గీతలను ఆ పేరుకు సర్దుతారు. చిట్టా చూడకుండా ఆవర్జాలో నిలువ వేసినట్టు ఉంటుంది ఆ పని. ముందు ప్రతి గీతకూ లెక్క రాయాలి, పేరు చివర రావాలి.

తల్లిదండ్రుల కోసం రెండు మాటలు. ఎన్‌.ఎం.ఆర్‌. అంటే కేంద్రక అయస్కాంత అనునాదం. పేరులో న్యూక్లియర్ అన్న మాట ఉన్నా అణుధార్మికతతో సంబంధం లేదు. ఆసుపత్రిలో తీసే ఎం.ఆర్‌.ఐ. స్కాన్ ఈ సూత్రం మీదే పనిచేస్తుంది. అక్కడ మన ఒంట్లోని నీటిలో ఉన్న హైడ్రోజన్‌ను చూస్తారు, ఇక్కడ చిన్న గాజు గొట్టంలో పోసిన పదార్థంలోని హైడ్రోజన్‌ను చూస్తారు. హైడ్రోజన్ కేంద్రకం, అంటే ప్రోటాన్, ఒక బుల్లి అయస్కాంతం. పెద్ద అయస్కాంతంలో పెట్టినప్పుడు అది తిరిగే బొంగరం తల ఊపినట్టు ఒక లెక్క ప్రకారం ఊగుతుంది. ఆ ఊపుకు సరిపోయే రేడియో తరంగం తగిలితేనే అది శక్తిని తీసుకుంటుంది.

ఈ "సరిపోయే" అన్న మాట అర్థం కావడానికి మేము చేసే ప్రయోగానికి పైసా ఖర్చు లేదు. రెండు కుర్చీల వీపులకు అడ్డంగా ఒక పురికొస కట్టండి. దానికి మూడు దారాలతో మూడు ఇనుప నట్లు వేలాడదీయండి. రెండు దారాలు ఒకే పొడవు, మూడోది పొట్టి. సమాన పొడవున్న వాటిలో ఒకదాన్ని ఊపి వదలండి. కాసేపటికి రెండోది దానంతటదే ఊగడం మొదలుపెడుతుంది, పొట్టిది కాస్త కదిలి ఊరుకుంటుంది. అనునాదమంటే ఇదే. దిక్సూచి ముల్లును వేలితో కదిపి, పక్కకు ఒక అయస్కాంతం తెచ్చి కూడా చూపిస్తాం. అయస్కాంతం దగ్గరైతే ముల్లు వేగంగా ఊగుతుంది. ఒక్క తేడా గుర్తుంచుకోండి: క్షేత్రం రెట్టింపైతే ప్రోటాన్ పౌనఃపున్యం సరిగ్గా రెట్టింపవుతుంది, దిక్సూచి వేగం మాత్రం 1.4 రెట్లే అవుతుంది. పోలికను అంతవరకే వాడుకోవాలి.

అన్ని ప్రోటాన్లూ ఒకేలా ఊగితే కాగితం మీద ఒకే గీత వచ్చేది, రసాయన శాస్త్రానికి ఉపయోగమే ఉండేది కాదు. ప్రతి ప్రోటాన్ చుట్టూ ఎలక్ట్రాన్లు గొడుగులా ఉంటాయి. పక్కన ఆక్సిజన్ లాంటిది ఉంటే ఆ గొడుగును తన వైపు లాక్కుంటుంది, ప్రోటాన్‌కు అయస్కాంతం ఎండ ఎక్కువ తగులుతుంది, దాని గీత ఎడమ వైపుకు జరుగుతుంది. ఈ కాగితంలో సున్నా కుడి చివర ఉంటుంది, అంకెలు ఎడమ వైపుకు పెరుగుతాయి. మొదట్లో అందరూ తడబడేది ఇక్కడే. సున్నా దగ్గర టెట్రామిథైల్ సైలేన్ అనే పదార్థం గీత ఉంటుంది, మిగతావన్నీ దాని నుంచి కొలుస్తారు.

ఈ గీతల తేడాను మొదట ప్రపంచానికి చూపిన పత్రంలో ఒక భారతీయుడి పేరుంది. ద్రవాల్లో, ఘనపదార్థాల్లో ఈ అనునాదాన్ని కనిపెట్టిన ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్‌లకు 1952లో నోబెల్ వచ్చింది. అంతకు ముందు ఏడాది, 1951లో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆర్నాల్డ్, ధర్మట్టి, ప్యాకార్డ్ అనే ముగ్గురు మామూలు ఆల్కహాలు, అంటే ఇథనాల్‌ను పరీక్షించారు. ఒకటికి బదులు మూడు మిట్టలు కనిపించాయి. ఆ ధర్మట్టి గారు తరువాత బొంబాయి టాటా మౌలిక పరిశోధనా సంస్థకు వచ్చి ఈ విద్యను మన దేశంలో వేళ్ళూనేలా చేశారు. పాఠ్యపుస్తకాల్లో ఇథనాల్ బొమ్మ ఉంటుంది కానీ ఆ పేరు చాలావాటిలో ఉండదు. పిల్లలకు చెప్పండి.

ఇథనాల్‌లో మూడు మిట్టలు ఎందుకు? మిథైల్‌లో మూడు హైడ్రోజన్లు, మిథిలీన్‌లో రెండు, ఆక్సిజన్ మీద ఒకటి. మిట్టల వైశాల్యాలు కూడా 3:2:1. ఎత్తులు కాదు, వైశాల్యాలు. దీన్ని చేత్తో తెలుసుకోవడానికి పూర్వం వాడిన పద్ధతే మేమూ వాడతాం. మిట్టలను పెద్దవిగా మందపాటి కాగితం మీద గీసి, కత్తెరతో కత్తిరించి, నగల దుకాణం త్రాసులో ఒక్కొక్కటే తూస్తాం. బరువులు వైశాల్యాల నిష్పత్తిలోనే వస్తాయి. పిల్లలు ఇది మరిచిపోరు. అయితే త్రాసు చెప్పేది నిష్పత్తే, సంఖ్య కాదు. డై ఇథైల్ ఈథర్ కూడా 3:2 అనే చూపిస్తుంది, అందులో ఉన్నవి ఆరూ నాలుగూ. అసలు సంఖ్య అణు సూత్రం నుంచి రావాలి.

ఇక గీతలు చీలడం. కాసిమేడు నుంచి వచ్చే ఒక అమ్మాయి అడిగింది: "సిహెచ్3లో మూడు హైడ్రోజన్లు ఉన్నాయి కదా సార్, ఎన్ ప్లస్ ఒకటి అంటే నాలుగు గీతలు రావాలి కదా, మూడే వచ్చాయేం?" నూటికి తొంభైమందికి వచ్చే సందేహం ఇదే. లెక్కపెట్టాల్సింది సొంతవాళ్ళను కాదు, పక్కింటివాళ్ళను. మిథైల్ పక్కన మిథిలీన్‌లో ఇద్దరున్నారు కాబట్టి మిథైల్ మూడుగా చీలుతుంది. మిథిలీన్ పక్కన ముగ్గురున్నారు కాబట్టి అది నాలుగుగా చీలుతుంది.

ఆ అమ్మాయికి రూపాయి నాణేలు ఇచ్చాను. పక్కింటి ప్రోటాన్ అయస్కాంతంతో పాటు నిలబడవచ్చు, ఎదురుగా నిలబడవచ్చు: బొమ్మా, బొరుసూ. రెండు నాణేలు ఎన్ని రకాలుగా పడతాయి? రెండూ బొమ్మ ఒక రకం, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు రెండు రకాలు, రెండూ బొరుసు ఒక రకం. అంటే 1:2:1. మూడు నాణేలకు ఎనిమిది రకాలు, 1:3:3:1. గీతల ఎత్తులు అచ్చంగా ఇలాగే వస్తాయి. మన పూర్వులు ఛందస్సు కోసం గురు లఘువుల లెక్కలో వాడిన మేరు ప్రస్తారం ఇదే అని చెబితే పిల్లల ముఖాలు వెలిగాయి. పదో శతాబ్దంలో హలాయుధుడు దాన్ని వివరించాడు. పడమటి వాళ్ళు దాన్ని పాస్కల్ త్రిభుజం అంటారు.

మరి ఆక్సిజన్ మీది హైడ్రోజన్ ఎందుకు చీలదు? మామూలు నమూనాలో లేశమాత్రం ఆమ్లమో నీరో ఉంటుంది, దాని వల్ల ఆ హైడ్రోజన్ ఒక అణువు నుంచి మరో అణువుకు గబగబా ఇల్లు మారుతూ ఉంటుంది. నిలకడగా ఉండని అద్దెవాడు పక్కింటివాళ్ళకు లెక్కలోకి రాడు. లాబ్‌లో గొట్టంలో ఒక చుక్క భారజలం వేసి ఊపితే ఆ గీత మాయమవుతుంది, హైడ్రోజన్ స్థానంలో డ్యుటీరియం చేరుతుంది కాబట్టి. వీలైతే మీ లెక్చరర్ గారిని అడిగి ఇది కళ్ళారా చూడండి.

ఇప్పుడు బ్యాంకు లెక్క. పి.పి.ఎం. అన్నది పిల్లలను చాలా తికమక పెడుతుంది, కానీ వడ్డీ లెక్క తెలిసినవాడికి ఇందులో ఏమీ లేదు. వడ్డీ రేటు నూటికి ఇంత అంటాం, ఇక్కడ పది లక్షలకు ఇంత అంటారు. యంత్రం పౌనఃపున్యం అసలు, పి.పి.ఎం. వడ్డీ రేటు, హెర్ట్‌జ్‌లలో వచ్చేది వడ్డీ. ఇథనాల్ మిథైల్ 1.2 దగ్గర ఉంటుంది. 60 మెగాహెర్ట్‌జ్ యంత్రంలో అది సున్నా నుంచి 72 హెర్ట్‌జ్ దూరం, 300 మెగాహెర్ట్‌జ్ యంత్రంలో 360 హెర్ట్‌జ్ దూరం. అసలు పెరిగితే వడ్డీ పెరిగింది, రేటు మాత్రం మారలేదు. అందుకే ఏ ఊళ్ళో ఏ యంత్రం మీద తీసినా పి.పి.ఎం. అంకె ఒక్కటే.

గీతల మధ్య చీలిక మాత్రం వడ్డీ కాదు, సర్వీసు చార్జీ. అసలు ఎంతైనా అది మారదు. ఇథనాల్‌లో అది సుమారు 7 హెర్ట్‌జ్, చిన్న యంత్రంలోనూ అంతే, పెద్ద యంత్రంలోనూ అంతే. దీన్ని జె విలువ అంటారు. పెద్ద యంత్రంలో గుంపుకూ గుంపుకూ ఎడం పెరుగుతుంది, చీలిక పెరగదు, కాబట్టి గుంపులు ఒకదానిపై ఒకటి పడకుండా విడివిడిగా కనిపిస్తాయి. కోట్లు పోసి పెద్ద అయస్కాంతాలు కొనడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ఇంకో ఉపయోగం కూడా ఉంది: మిథైల్ చీలిక, మిథిలీన్ చీలిక ఒకే 7 హెర్ట్‌జ్ అయితే వాళ్ళిద్దరూ ఇరుగు పొరుగు కావచ్చు. డెబిట్‌కు సరిపడే క్రెడిట్ దొరికినట్టన్నమాట.

ఒక కసరత్తు చేద్దాం. అణు సూత్రం సి4హెచ్8ఓ2. కాగితంలో మూడు గుంపులు: మూడు గీతలది ఒకటి, నాలుగు గీతలది ఒకటి, చీలని ఒంటి గీత ఒకటి. వైశాల్యాలు 3:2:3, మొత్తం ఎనిమిది, సూత్రంతో సరిపోయింది. మూడూ నాలుగూ కలిస్తే ఇథైల్, ఒంటి గీత పక్కింటివాళ్ళు లేని మిథైల్. ఇంతవరకు చూసి చాలామంది "ఇథైల్ అసిటేట్" అని రాసేస్తారు. కానీ మిథైల్ ప్రొపియొనేట్‌కు కూడా ఇదే సూత్రం, ఇవే వైశాల్యాలు, ఇవే చీలికలు! తేల్చేది ఒక్క స్థానమే. ఇథైల్ అసిటేట్‌లో నాలుగు గీతల గుంపు 4.1 దగ్గర ఉంటుంది, అంటే ఆక్సిజన్‌ను అంటుకొని ఉన్నది మిథిలీన్. ఒంటి గీత 2.0 దగ్గర. మిథైల్ ప్రొపియొనేట్‌లో నాలుగు గీతలు 2.3 దగ్గరకు వచ్చేస్తాయి, ఒంటి గీత 3.7కు వెళుతుంది. ఆక్సిజన్ పక్కన ఎవరు కూర్చున్నారో వాళ్ళు ఎడమకు జరుగుతారు. పట్టిక బట్టీ పట్టినవాడికి పరీక్షలో ఒక్క అంకె మరిచిపోతే అంతా పోతుంది. గొడుగు గుర్తున్నవాడు ఆలోచించి చెప్పగలడు.

లెక్కలో మిగిలిపోయిన చిన్న గీతను "అదేదో మురికి సార్" అని వదిలేసే అలవాటు కొందరిలో ఉంది. అది మానుకోవాలి. చాలాసార్లు దానికి మామూలు కారణమే ఉంటుంది: డ్యుటీరియం ఎక్కించిన క్లోరోఫాంను ద్రావణిగా వాడితే, అందులో మిగిలిన మామూలు క్లోరోఫాం 7.26 దగ్గర కనిపిస్తుంది, తేమ 1.56 దగ్గర కనిపిస్తుంది. కారణం తెలిస్తే దాన్ని కాగితం మీద రాయండి. తెలియకపోతే వెతకండి. 2008లో అమెరికాలో హెపారిన్ అనే మందు తీసుకున్న రోగులకు, వారిలో డయాలిసిస్ చేయించుకుంటున్న వాళ్ళు చాలామంది, హఠాత్తుగా రక్తపోటు పడిపోయింది, ప్రాణాలు పోయాయి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు అది. చైనా నుంచి వచ్చిన ముడిసరుకు అప్పటి మామూలు పరీక్షల్లో నెగ్గింది. ఎన్‌.ఎం.ఆర్‌. కాగితంలో మాత్రం హెపారిన్ ఎసిటైల్ గీత 2.04 దగ్గర ఉండగా, దాని పక్కనే 2.15 దగ్గర ఉండకూడని మరో గీత ఉంది. సల్ఫేటు అతిగా ఎక్కించిన కాండ్రాయిటిన్ కలిపారని తేలింది. ఆ తరువాత అమెరికా ఔషధ ప్రమాణాల గ్రంథంలో హెపారిన్‌కు ఎన్‌.ఎం.ఆర్‌. పరీక్షను చేర్చారు. రేపు మీలో ఒకరు ఏదో మందుల కంపెనీలో అలాంటి కాగితం మీద సంతకం పెట్టబోయేవారే.

మీ కళాశాలలో యంత్రం లేదని బెంగ పెట్టుకోనక్కరలేదు, చాలా కళాశాలల్లో ఉండదు. జపాను ప్రభుత్వ పరిశోధనా సంస్థ నడిపే ఎస్‌.డి.బి.ఎస్‌. అనే నిధిలో వేల పదార్థాల స్పెక్ట్రాలు ఉచితంగా చూడవచ్చు. పేరు కనిపించకుండా ఒక స్నేహితుడి చేత తీయించి, రోజుకొకటి విప్పండి. ప్రాజెక్టుకు నిజమైన నమూనా ఉంటే, ఐఐటి మద్రాసులోని పరికరాల కేంద్రం బయటి కళాశాలల నమూనాలను కూడా రుసుము తీసుకొని పరీక్షిస్తుంది. మీ విభాగాధిపతి ద్వారా పంపాలి. తల్లిదండ్రులు చేయగలిగింది కూడా ఒకటుంది: రాత్రి భోజనాలయ్యాక "ఈ గీత ఎందుకొచ్చిందో చెప్పు" అని అడగండి. మీకు కెమిస్ట్రీ రానక్కరలేదు. చెప్పలేక తడుముకున్న చోటు వాళ్ళకే తెలిసిపోతుంది.

వచ్చే ఆదివారానికి లెక్క: అణు సూత్రం సి4హెచ్8ఓ. 1.05 దగ్గర మూడు గీతలు, 2.13 దగ్గర ఒంటి గీత, 2.45 దగ్గర నాలుగు గీతలు. వైశాల్యాలు వరుసగా 3:3:2. 7.26 దగ్గర ఒక చిన్న గీత కూడా ఉంది. ప్రతి గీత పక్కన కారణం రాసి పఠన మందిరానికి తీసుకురండి. పేరు ఒక్కటే రాసిన కాగితాలు దిద్దబడవు.