దుబాయి క్యాంపులో పుట్టినరోజు

ప్రశ్న: మాది కామారెడ్డి జిల్లా పిట్లం. దుబాయిలో భవన నిర్మాణ పని చేస్తున్నాను. నా పుట్టినరోజు చేద్దామని గదిలోని వాళ్లు పట్టుబడుతున్నారు. ఇంటి అప్పు తీరలేదు, ఇక్కడి నియమాలన్నా భయం. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకుడు

జవాబు: ఒప్పుకోండి తమ్ముడూ. పరాయి దేశంలో జ్వరమొస్తే మందు తెచ్చిచ్చేది ఆ గదివాళ్లే. వాళ్లతో కలిసి తినడం దుబారా కాదు.

వారానికి కనీసం ఒక రోజు సెలవు అక్కడి కార్మిక చట్టం ఇచ్చిన హక్కు. ఆ రోజే పెట్టుకోండి. హోటల్ వద్దు, గదిలోనే కోడికూర, బగారన్నం వండుకుని, చిన్న కేకు కోస్తే చాలు. దీనికోసం అప్పు మాత్రం చేయకండి. రంజాన్ నెలయితే సూర్యాస్తమయం తర్వాత చేసుకోండి.

మద్యం జోలికి పోవద్దు. బహిరంగంగా తాగడం అక్కడ నేరం. అనుమతి లేకుండా ఎదుటివారి ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టడమూ నేరమే. పాటల శబ్దం తగ్గించండి; పక్క గదిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్లు నిద్రపోతుంటారు.

దుబాయి మనకన్నా గంటన్నర వెనక. అక్కడ రాత్రి ఎనిమిదైతే పిట్లంలో తొమ్మిదిన్నర. అమ్మ పడుకోకముందే వీడియో కాల్ చేయండి. గదిలో మిగతావాళ్ల పుట్టినరోజులూ రాసిపెట్టుకుని, వాళ్లకూ ఇలాగే చేయండి.